1500 వాట్ల హీటర్ రాడ్ 1072 వాట్లే తీసుకుంటోంది, షాపువాడు మోసం చేసినట్టేనా?

ఆదిలాబాద్_చలి
పోయిన నెల 1500 వాట్ల నీళ్ల హీటర్ రాడ్ కొన్నాను. మా తమ్ముడు హైదరాబాద్‌లో అదే కంపెనీ, అదే సైజు రాడ్ వాడుతున్నాడు. వాడికి 20 లీటర్ల బకెట్ 26 నిమిషాల్లో కాగుతోంది, నాకు 40 నిమిషాలు పడుతోంది. అక్కడ నీళ్లు కొంచెం వెచ్చగా ఉంటాయనుకున్నా ఇంత తేడా రాకూడదు కదా. ఇక్కడ పొద్దున నీళ్లు 15 డిగ్రీలు ఉంటున్నాయి. పిల్లలు స్కూలు బస్సు అందుకోవాలంటే నేను నాలుగున్నరకే లేచి రాడ్ పెట్టాల్సి వస్తోంది.

నిన్న తెలిసినాయన దగ్గర క్లాంప్ మీటర్ (తీగని దవడలో పట్టి కరెంట్ కొలిచేది) తెచ్చి చూశాను. రాడ్ నడుస్తుండగా బాత్రూం సాకెట్ దగ్గర వోల్టేజీ 195, కరెంట్ 5.5 ఆంపియర్లు. రెండూ గుణిస్తే 1072 వాట్లు. 1500 అని ముద్ర వేసి 1072 ఇస్తే మిగతా 428 వాట్లు ఏమైనట్టు? డూప్లికేట్ సరుకు అంటగట్టావని షాపువాడిని నిలదీద్దామనుకుంటున్నాను. వెళ్లే ముందు నా లెక్కలో తప్పు లేదని ఖాయం చేసుకుందామని ఇక్కడ అడుగుతున్నాను.

సోల్డరింగ్_శీను
షాపుకి వెళ్లొద్దు. 195 ÷ 5.5 = 35.45 ఓంలు. ఇప్పుడు 230 × 230 ÷ 35.45 చేయండి, 1492 వస్తుంది. రాడ్ మంచిదే.

ఆదిలాబాద్_చలి
అర్థం కాలేదు శీను గారూ. ఆ 230 ఎక్కడిది? మా ఇంట్లో 195 ఉంది కదా.

ఫిజిక్స్_మాస్టారు
రాడ్ పిడి మీద 1500 వాట్లు అని ఉన్నచోటే పక్కన చిన్న అక్షరాల్లో 230 వోల్టులు అని ఉంటుంది చూడండి. ఆ రెండూ కలిపి చదవాలి. 230 వోల్టులు ఇస్తే 1500 వాట్లు ఇస్తుంది అని దాని అర్థం.

రాడ్ లోపల ఉండేది నైక్రోమ్ తీగ చుట్ట. దాని పొడవూ లావూ ఫ్యాక్టరీలోనే ఖాయమైపోతాయి. అంటే రాడ్‌లో మారకుండా ఉండేది నిరోధం. వాట్లు వోల్టేజీని బట్టి మారతాయి. కంపెనీ అనుకున్న నిరోధం 230 × 230 ÷ 1500 = 35.3 ఓంలు. మీరు కొలిచిన వోల్టేజీని కరెంట్‌తో భాగిస్తే 35.45 వచ్చింది. మామూలు క్లాంప్ మీటర్‌తో ఇంత దగ్గరగా రావడమే గొప్ప.

ఇక వాట్లు ఎందుకు అంతగా పడిపోయాయంటే, వోల్టేజీ తగ్గగానే అదే నిష్పత్తిలో కరెంట్ కూడా తగ్గింది. సామర్థ్యం అంటే ఆ రెండింటి లబ్ధం. దెబ్బ రెండుసార్లు పడింది. 195ని 230తో భాగిస్తే 0.848. దాని వర్గం 0.72. వోల్టేజీ 15 శాతం తగ్గితే సామర్థ్యం 28 శాతం తగ్గింది. మీరు అడిగిన 428 వాట్లు ఎక్కడికీ పోలేదు, అసలు రాడ్ వాటిని తీసుకోనే లేదు.

సోల్డరింగ్_శీను
మాస్టారు చెప్పినదానికి ఒక కొసరు. 20 లీటర్లని 15 నుంచి 42 డిగ్రీలకి తేవడానికి కావలసిన వేడి 20 × 4186 × 27, అంటే సుమారు 22.6 లక్షల జౌళ్లు. 1500 వాట్లతో 25 నిమిషాలు, 1072తో 35 నిమిషాలు. మీకు 40 పట్టిందంటే మిగతా ఐదూ మూత లేని బకెట్ మీద నుంచి ఆవిరిలో పోతున్నాయి. ఓ పళ్లెం సగం కప్పి చూడండి.

ఆదిలాబాద్_చలి
ఇది తెలియక షాపువాడి మీదికి వెళ్లేవాణ్ణి! మరి నాకు బిల్లు ఎక్కువ వస్తుందా? ఎక్కువ సేపు నడుస్తోంది కదా.

సోల్డరింగ్_శీను
రాదు. తక్కువ వాట్లు, ఎక్కువ సేపు. బకెట్‌కి 0.63 యూనిట్ అక్కడా ఇక్కడా ఒకటే. ఆ అదనపు ఐదు నిమిషాల ఆవిరి నష్టం మాత్రం మీదే.

బోరు_బావి
నేను ఒప్పుకోను. వోల్టేజీ తగ్గితే కరెంట్ పెరుగుతుంది, తగ్గదు. మా పొలంలో 5 హెచ్‌పీ మోటారు లో వోల్టేజీలో రెండుసార్లు కాలిపోయింది. రెండుసార్లూ రీవైండింగ్‌కి వేలకి వేలు పోశాను. కరెంట్ తగ్గేదైతే వైండింగ్ ఎందుకు కాలుతుంది? 1500ని 195తో భాగిస్తే 7.7 ఆంపియర్లు రావాలి. ఆయన క్లాంప్ మీటరే తప్పు చూపిస్తోంది.

సోల్డరింగ్_శీను
మోటారు వేరు అన్నా, రాడ్ వేరు.

బోరు_బావి
కరెంటు శాస్త్రం ఒకటే కదా. రాడ్‌కో నియమం, మోటారుకో నియమం ఉంటుందా?

వైర్‌మన్_సత్తి
బోరు బావి అన్న చెప్పింది మోటారు వరకూ నిజం. ఇరవై రెండేళ్లుగా మోటార్లు చుడుతున్నాను, వేసవిలో నా షాపుకి వచ్చేవాటిలో ఎక్కువ లో వోల్టేజీలో కాలినవే.

రాడ్‌కి పని గురించి పట్టింపు లేదు. ఎంత వోల్టేజీ ఇస్తే అంత వేడి ఇచ్చి ఊరుకుంటుంది. మోటారుకి అలా కుదరదు. బావిలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో అంత ఎత్తూ మోయాల్సిందే, ఆ బరువు తగ్గదు. వోల్టేజీ తగ్గినా అదే పని చేయాలి కాబట్టి కరెంట్ ఎక్కువ లాగుతుంది. 5 హెచ్‌పీకి మామూలుగా 7.5 ఆంపియర్లు అనుకో. లో వోల్టేజీలో అది 9.5 అయితే వైండింగ్‌లో పుట్టే వేడి కరెంట్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 9.5ని 7.5తో భాగించి వర్గం చేస్తే 1.6. అంటే వేడి ఒకటిన్నర రెట్లు దాటింది. తీగ మీది వార్నిష్ పూత ఎంతసేపు ఆగుతుంది?

ఇంకోటి. నడుస్తున్న మోటారు వోల్టేజీని కరెంట్‌తో భాగిస్తే వచ్చేది వైండింగ్ నిరోధం కాదు. మల్టీమీటర్ పెట్టి చూస్తే వైండింగ్‌కి కొద్ది ఓంలే ఉంటాయి. తిరిగేటప్పుడు మోటారు లోపల ఎదురు వోల్టేజీ పుట్టి కరెంట్‌ని ఆపుతుంది. అందుకే స్టార్ట్ చేసే క్షణంలో, ఇంకా తిరగనప్పుడు, ఐదారు రెట్లు లాగుతుంది. పెద్ద మోటార్లకి, మొదట తక్కువ వోల్టేజీ ఇచ్చి తర్వాత పూర్తిగా ఇచ్చే స్టార్ డెల్టా స్టార్టర్ పెట్టేది ఇందుకే.

బోరు_బావి
ఇప్పుడు సరిగ్గా చెప్పావు సత్తీ. మరి నా మోటారు వాట్లు ఎలా కట్టాలి? 415 ఇంటూ 7.5 చేస్తే 3112 వస్తోంది. 5 హెచ్‌పీ అంటే 3730 కదా, లోపలికి వెళ్లేదానికన్నా బయటికి వచ్చేది ఎక్కువా?

వైర్‌మన్_సత్తి
త్రీ ఫేజ్ అన్నా! రూట్ 3 మర్చిపోయావు. 1.732 × 415 × 7.5 = 5390. అది వాట్లు కాదు, వోల్ట్ ఆంపియర్లు. దాన్ని పవర్ ఫ్యాక్టర్‌తో, అంటే అందులో నిజంగా వాట్లయ్యే వంతుతో గుణించాలి, 0.82 అనుకుంటే 4420 వాట్లు. అందులో 3730 షాఫ్ట్ మీదికి వస్తుంది, మిగతాది మోటారు వేడి.

ఫిజిక్స్_మాస్టారు
చదువుకునే పిల్లలు ఎవరైనా ఇది చూస్తుంటే ఒక్క మాట గుర్తుంచుకోండి. వోల్టేజీని కరెంట్‌తో గుణిస్తే నేరుగా వాట్లు రావడం రాడ్, ఇస్త్రీ పెట్టె, ఫిలమెంట్ బల్బు లాంటి వేడి వస్తువులకే. మోటారుంటే పవర్ ఫ్యాక్టర్ తప్పదు.

టెన్త్_పాప
మాస్టారూ, నాకు ఎల్లుండి ప్రీ ఫైనల్. ఒక డౌట్ తీర్చండి ప్లీజ్. ఐ స్క్వేర్ ఆర్ (కరెంట్ వర్గం × నిరోధం) ప్రకారం నిరోధం పెరిగితే సామర్థ్యం పెరగాలి. వి స్క్వేర్ బై ఆర్ (వోల్టేజీ వర్గం ÷ నిరోధం) ప్రకారం నిరోధం పెరిగితే సామర్థ్యం తగ్గాలి. రెండూ ఒకే పుస్తకంలో ఒకే పేజీలో ఉన్నాయి. ఏది రైట్? మా సార్‌ని అడిగితే రెండూ రైటే రాసుకో అన్నారు.

ఫిజిక్స్_మాస్టారు
చాలా మంచి డౌట్ తల్లీ. ఇది అడిగినవాళ్లకే ఈ పాఠం అర్థమైనట్టు.

రెండూ నిజమే. తేడా ఎక్కడంటే, నువ్వు నిరోధాన్ని మారుస్తున్నప్పుడు పక్కన దేన్ని మారకుండా పట్టుకున్నావు అన్నది. ఇంట్లో అన్నీ సమాంతరంగా కలిపి ఉంటాయి, ప్రతి వస్తువుకీ అదే వోల్టేజీ అందుతుంది. అక్కడ వి స్క్వేర్ బై ఆర్ చూడాలి. నిరోధం తక్కువున్న వస్తువే ఎక్కువ వాట్లు తీసుకుంటుంది. శ్రేణిలో కలిపితే అన్నింటిలోనూ అదే కరెంట్ పారుతుంది. అక్కడ ఐ స్క్వేర్ ఆర్ చూడాలి. నిరోధం ఎక్కువున్న దగ్గరే ఎక్కువ వేడి పుడుతుంది.

40 వాట్ల బల్బు, 100 వాట్ల బల్బు తీసుకో. 230 వోల్టుల దగ్గర మొదటిదాని నిరోధం 1322 ఓంలు, రెండోదానిది 529. విడివిడిగా పెడితే 100దే ఎక్కువ వెలుగుతుంది. రెండింటినీ శ్రేణిలో కలిపి 230 ఇవ్వు. కరెంట్ 230 ÷ 1851 = 0.124 ఆంపియర్. 40 వాట్ల బల్బుకి సుమారు 20 వాట్లు, 100 వాట్ల దానికి 8 వాట్లు. చిన్న బల్బే ఎక్కువ వెలుగుతుంది! నిజంగా కట్టి చూస్తే అంకెలు కొంచెం మారతాయి, ఫిలమెంట్లు పూర్తిగా వేడెక్కవు కాబట్టి. గెలిచేది మాత్రం 40 వాట్లదే.

టెన్త్_పాప
ఇప్పుడు అర్థమైంది!! పరీక్షలో ఇది వస్తే మీకే థాంక్స్ మాస్టారూ.

డాలస్_రమ
మాస్టారి సూత్రం నేను డబ్బు పోసి నేర్చుకున్నాను. మొదటిసారి అమెరికా వచ్చేటప్పుడు అమ్మ 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె సూట్‌కేసులో పెట్టింది. ఇక్కడ ప్లగ్గులో 120 వోల్టులే. అడాప్టర్ పెట్టి అరగంట చూసినా చీర ముడత పోలేదు. నిరోధం 52.9 ఓంలు, 120 × 120 ÷ 52.9 చేస్తే 272 వాట్లు. వోల్టేజీ సగం కదా, సగం వేడైనా వస్తుందనుకున్నాను. పావు వంతు వచ్చింది.

దీనికి తిరుగుడు ఇంకా ప్రమాదం. ఇక్కడి 1500 వాట్ల హెయిర్ డ్రయ్యర్‌ని మా చెల్లికి పంపబోతే మా ఆయన ఆపారు. దాని కాయిల్ 9.6 ఓంలు. 230 ఇస్తే 24 ఆంపియర్లు, 5500 వాట్లు. జుట్టు ఆరడం సంగతి అటుంచి ఇల్లు తగలబడేది.

సోల్డరింగ్_శీను
రమ గారూ, మీ ఆయనకి నా తరఫున ఓ కప్పు కాఫీ ఇవ్వండి.

మల్టీమీటర్_మోజు
నాకో చిక్కు. మాస్టారు 100 వాట్ల బల్బుకి 529 ఓంలు అన్నారు. అటక మీద పాత బల్బు ఉంటే తీసి మల్టీమీటర్ పెట్టాను. 38 ఓంలు చూపిస్తోంది! 230 × 230 ÷ 38 = 1392 వాట్లు. బల్బు పాడైందా, మీటర్ పాడైందా?

సోల్డరింగ్_శీను
రెండూ బాగున్నాయి. మీరు కొలిచింది చల్లని బల్బుని. టంగ్‌స్టన్ ఫిలమెంట్ వెలిగేటప్పుడు దగ్గర దగ్గర 2500 డిగ్రీలకి చేరుతుంది, అప్పుడు నిరోధం పద్నాలుగు రెట్ల దాకా పెరుగుతుంది. 38 × 14 = 532, సరిపోయింది కదా. బల్బులు ఎక్కువగా స్విచ్ వేసిన క్షణంలోనే టప్పున పోయేది అందుకే. ఆ మొదటి క్షణంలో 230 ÷ 38 = 6 ఆంపియర్లు దూసుకొస్తాయి. వెలిగాక 0.43 మాత్రమే.

మల్టీమీటర్_మోజు
మరి రాడ్‌కి ఈ తేడా రాదా?

సోల్డరింగ్_శీను
నైక్రోమ్ మిశ్రలోహం, వేడికి దాని నిరోధం పెద్దగా మారదు. పైగా రాడ్ నీళ్లలో ఉంటుంది. చలి గారు ప్లగ్గు పీకి రెండు పిన్నుల మధ్య ఓంలు చూస్తే 35 దగ్గరే వస్తుంది, పందెం.

ఆదిలాబాద్_చలి
ఇప్పుడే చూశాను, 35.1. పందెం మీదే.

కొత్తగూడెం_కిరణ్
క్లాంప్ మీటర్ ఎలా పెట్టారో కొంచెం చెప్తారా? నేను మా గీజర్ వైరు చుట్టూ పెడితే ఎప్పుడూ సున్నాయే చూపిస్తోంది. రెండు మీటర్లు మార్చాను.

వైర్‌మన్_సత్తి
ఫేజు, న్యూట్రల్ రెండూ కలిసున్న వైరు మొత్తాన్ని దవడలో పెట్టి ఉంటావు తమ్ముడూ. ఒకదాంట్లో వెళ్లే కరెంట్, ఇంకోదాంట్లో తిరిగొచ్చేది సమానం, దిక్కు ఎదురు. రెండూ కొట్టేసుకుని సున్నా. ఒక్క తీగనే పెట్టు. గుండ్రటి వైరు అయితే ఓ చిన్న ఎక్స్‌టెన్షన్ చేయించుకుని అందులో తీగలు విడదీసి ఉంచుకో, పైన ఇన్సులేషన్ మాత్రం ఊడకూడదు.

మల్టీమీటర్‌ని 10 ఆంపియర్ల గాడిలో పెట్టి సాకెట్ రెండు రంధ్రాల్లో పొడిచేవాళ్లు ఉంటారు. అలా అసలు చేయొద్దు. ఆ గాడిలో మీటర్‌కి నిరోధం దాదాపు సున్నా. 230ని దాదాపు సున్నాతో భాగిస్తే ఎంతో ఆలోచించండి. మా కుర్రాడు ఒకడు అలా చేసి అరచెయ్యి కాల్చుకున్నాడు.

విశాఖ_లక్ష్మి
లెక్కలు బాగున్నాయి గానీ ఆ రాడ్ పిల్లలున్న ఇంట్లో అని చదివినప్పటి నుంచీ నా మనసు అక్కడే ఉంది. బకెట్ ఇనుపదా, ప్లాస్టిక్‌దా బాబూ? స్విచ్ ఆపి ప్లగ్గు పీకాకే నీళ్లలో చెయ్యి పెడుతున్నారా? ఇదీ మీ ఓం లెక్కే. తడి ఒంటికి నిరోధం వెయ్యి ఓంలకి పడిపోవచ్చు. 230ని వెయ్యితో భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు. గుండె ఆగడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. 30 మిల్లీ ఆంపియర్ల కరెంట్ లీకైనా సప్లై ఆపేసే ఈఎల్‌సీబీ పెట్టించుకోండి, ఎర్త్ ఉందో లేదో చూపించండి.

ఆదిలాబాద్_చలి
ప్లాస్టిక్ బకెట్టే అక్కా. ప్లగ్గు పీకాకే పిల్లల్ని లోపలికి రానిస్తాను. ఈఎల్‌సీబీ లేదు, పెట్టిస్తాను.

వైర్‌మన్_సత్తి
రాడ్ సంగతి తేలింది. ఆ 195 సంగతి తేలలేదు, నాకు అక్కడే అనుమానంగా ఉంది. చలి అన్నా, రాడ్ ఆపేసి అదే సాకెట్ దగ్గర వోల్టేజీ చూసి చెప్పు. వేసి ఒకసారి, ఆపి ఒకసారి, వెంటవెంటనే నాలుగైదు సార్లు చూడు. లైను వోల్టేజీ దానంతటదే ఊగుతుంటుంది కాబట్టి ఒక్కసారి చూస్తే నమ్మలేం.

ఆదిలాబాద్_చలి
ఐదుసార్లు చూశాను. ఆపితే 213, 214, 214, 215, 214. వేస్తే 195, ఒకసారి 194.

వైర్‌మన్_సత్తి
అదీ! ఒక్క రాడ్ వేస్తే 19 వోల్టులు పడుతోంది. 19 ÷ 5.5 = 3.45 ఓంలు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి నీ సాకెట్ దాకా దారిలో కూర్చున్న నిరోధం అది. చాలా ఎక్కువ. బాత్రూంకి ఏ వైరు లాగారు, ఎంత దూరం?

ఆదిలాబాద్_చలి
బాత్రూం ఇంటి వెనక విడిగా ఉంటుంది. మీటర్ బోర్డు నుంచి 40 మీటర్లు ఉంటుంది. వైరు పాతది, నాన్న ఉన్నప్పుడు లైటు కోసం వేయించింది, 1 స్క్వేర్ (చదరపు మిల్లీమీటరు) అన్నారు.

సోల్డరింగ్_శీను
1 స్క్వేర్ రాగి తీగకి కిలోమీటరుకి సుమారు 18 ఓంలు. పోవడం 40, రావడం 40, మొత్తం 80 మీటర్లు. 1.44 ఓంలు. 5.5 ఆంపియర్లకి 8 వోల్టులు, 44 వాట్లు ఆ వైరులోనే ఆరిపోతున్నాయి. లైటు కోసం వేసిన వైరు మీద రాడ్ పెడితే ఇంతే.

కానీ 3.45లో 1.44 పోతే ఇంకా 2 ఓంలు ఉంది. అది ఇంటి బయట ఉండాలి.

మీటర్_పక్కన_మధు
అది బయటే ఉందని మీటర్‌తోనే తేల్చొచ్చు. మీ మీటర్ మీద ఎర్ర లైటు మిణుకుమంటుంది కదా, పక్కన యూనిట్‌కి ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది. చాలావాటికి 3200. ఇంట్లో అన్నీ ఆపేసి, ఫ్రిజ్ కూడా పీకేసి, ఒక్క రాడ్ వేసి నిమిషంలో ఎన్నిసార్లు మిణుకుతుందో లెక్కపెట్టండి. 1072 వాట్లకి 57 రావాలి.

ఆదిలాబాద్_చలి
మాదీ 3200 మీటరే. మా పెద్దాడు స్టాప్‌వాచ్, చిన్నాడు లెక్క. ఒకసారి 59, ఒకసారి 60. చిన్నాడు తప్పు లెక్కపెట్టాడని గొడవ పడుతున్నారు.

మీటర్_పక్కన_మధు
ఇద్దరూ కరెక్టే లెక్కపెట్టారు! 59.5 అంటే 1116 వాట్లు. అందులో రాడ్‌కి చేరేది 1072. తేడా 44. శీను చెప్పిన వైరు నష్టం అంకె అచ్చంగా అదే.

ఫిజిక్స్_మాస్టారు
పిల్లలతో ఈ పని చేయించినందుకు మీకు చేతులెత్తి నమస్కరించాలి. వేడి కరెంట్ వర్గాన్ని బట్టీ నిరోధాన్ని బట్టీ పుడుతుందని జౌల్ 1840ల మొదట్లో కొలిచి చూపించాడు, అదీ నీళ్లలో తీగ పెట్టి, నీళ్లు ఎన్ని డిగ్రీలు వేడెక్కాయో చూసి. మీ బకెట్‌లో జరుగుతున్నది అదే ప్రయోగం. 1116ని 5.5తో భాగిస్తే 203. మీటర్ దగ్గర వోల్టేజీ 203 ఉండాలి. చూడండి.

ఆదిలాబాద్_చలి
బోర్డులో చెయ్యి పెట్టడానికి భయమేసి క్లాంప్ మీటర్ ఇచ్చినాయన్నే పిలిచాను. రాడ్ వేస్తే 203, ఆపితే 214. మాస్టారూ, చూడకుండానే ఎలా చెప్పారు!

వైర్‌మన్_సత్తి
అయితే మీటరుకి అవతల 11 వోల్టులు పడుతోంది. 11 ÷ 5.5 = 2 ఓంలు. స్తంభం నుంచి ఇంటికి సర్వీస్ వైరు ఎంత?

ఆదిలాబాద్_చలి
30 మీటర్లుంటుంది. అల్యూమినియం, 4 స్క్వేర్.

వైర్‌మన్_సత్తి
దానికి రానూపోనూ 0.45 మించదు. మిగతా ఒకటిన్నర ఓం ఎక్కడో జాయింట్‌లో ఉంది. స్తంభం మీద లైనుకి సర్వీస్ వైరుని కలిపే ముక్క, జంపర్ అంటాం, దాని అల్యూమినియం చుట్టిన చోట పాచి పట్టి వదులైపోతుంది, చాలాసార్లు చూశాను. 5.5 × 5.5 × 1.5 = 45 వాట్లు. ఒక సోల్డరింగ్ ఐరన్ అంత వేడి, అదీ గోరంత చోట. అది న్యూట్రల్ అయితే ఇంకా ఆలస్యం చేయకూడదు. మీరెవరూ స్తంభం ఎక్కొద్దు, నిచ్చెన కూడా వేయొద్దు. కరెంటు ఆఫీసు 1912కి ఫోన్ చేసి కంప్లయింట్ నంబర్ తీసుకో. "లో వోల్టేజీ" అని ఊరుకోకు. "రాడ్ వేస్తే మీటర్ దగ్గరే 11 వోల్టులు పడుతోంది, జంపర్ వేడెక్కుతోంది" అని చెప్పు. అంకె చెప్తే లైన్‌మన్ తొందరగా కదులుతాడు.

బోరు_బావి
సత్తి చెప్పింది నిజం. మా సెక్షన్‌లో మూడేళ్లు లో వోల్టేజీ అని అరిచినా ఎవరూ పట్టించుకోలేదు. అంకెలు రాసి ఇచ్చినవాడికి పని జరిగింది.

మీటర్_పక్కన_మధు
ఏమీ వేయకుండానే 214 ఉండటం కూడా అడగాల్సిన సంగతే. 1956 నాటి విద్యుత్ నియమాల్లోనే, 54వ నియమం, ఇళ్లకిచ్చే వోల్టేజీ 6 శాతానికి మించి అటూ ఇటూ పోకూడదని రాశారు. 230 మీద 6 శాతం తీసేస్తే 216. లైను చివర ఉన్న ఇళ్లన్నీ కలిసి అర్జీ పెట్టండి.

కొత్తగూడెం_కిరణ్
సత్తి అన్నా, ఒక్క తీగ పెట్టాక గీజర్‌కి 8.4 చూపించింది. మీటర్లు మార్చినందుకు బాధగా ఉంది, పాతదే బాగుంది.

ఆదిలాబాద్_చలి
నాలుగు రోజుల తర్వాత వచ్చి రాస్తున్నాను. లైన్‌మన్ నిన్న వచ్చాడు. స్తంభం మీద న్యూట్రల్ జంపర్ నల్లగా మాడిపోయి, చుట్టు వదులై ఉంది. కోసేసి కొత్త కనెక్టర్ వేశాడు. ఇంకొన్ని రోజులైతే తెగిపోయేదన్నాడు. ఇంట్లో అందరం ఆ మాట విని కాసేపు మాట్లాడలేకపోయాం.

బాత్రూంకి ఈరోజు 2.5 స్క్వేర్ వైరు లాగించాను, ఈఎల్‌సీబీ కూడా పెట్టించాను లక్ష్మక్కా. ఇప్పుడు రాడ్ ఆపితే 214, వేస్తే సాకెట్ దగ్గర 207, కరెంట్ 5.9.

సోల్డరింగ్_శీను
7 ÷ 5.9 = 1.2 ఓంలు. 3.45 నుంచి 1.2కి దిగింది. వాట్లు 1221. లెక్క ప్రకారం బకెట్‌కి 31 నిమిషాలు.

ఆదిలాబాద్_చలి
పళ్లెం సగం కప్పితే 33 పట్టింది. తమ్ముడి 26కి రాలేదు గానీ పొద్దున ఏడు నిమిషాలు మిగిలాయి. 214 సంగతి మీద మా వీధిలో తొమ్మిది ఇళ్ల సంతకాలు తీసుకున్నాను, అందరి ఇళ్లలోనూ రాడ్ వేసి ఆపి అంకెలు రాస్తున్నాం. పిల్లలే రాస్తున్నారు.

టెన్త్_పాప
మాస్టారూ, 40, 100 బల్బులు శ్రేణిలో, నాలుగు మార్కుల ప్రశ్నగా వచ్చింది!!!

ఫిజిక్స్_మాస్టారు
ఎంత వచ్చిందో రాయి తల్లీ.

టెన్త్_పాప
20, 8. ఫిలమెంట్లు పూర్తిగా వేడెక్కవు అని కూడా రాశాను.

బోరు_బావి
సత్తీ, నీ లెక్క పట్టుకుని మా ఊరి ఎలక్ట్రీషియన్ చేత స్టార్టర్ డబ్బాలో మూడు కిట్‌క్యాట్లూ (ఫ్యూజు తీగ బిగించే దిమ్మెలు) చూపించాను. మోటారు నడుస్తుంటే ఒక్కోదాని రెండు కొసల మధ్య వోల్టేజీ. రెండింట్లో దాదాపు సున్నా. మధ్యదాంట్లో 8. కరెంట్ 7.6.

వైర్‌మన్_సత్తి
ఒక ఓం దాటింది, 60 వాట్లు! ఆ ఫేజు మోటారుకి తక్కువ అందుతోంది. వోల్టేజీ తేడా కొద్దిగా ఉన్నా కరెంట్ తేడా దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. రెండుసార్లూ కాలినప్పుడు వైండింగ్ అంతా నల్లబడిందా, ఒక పక్కేనా?

బోరు_బావి
ఇంతవరకూ అలా ఆలోచించలేదు. చుట్టినాయన్ని ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. రెండుసార్లూ కొన్ని చుట్లే నల్లబడ్డాయి, మిగతావి బాగున్నాయన్నాడు. మోటారు ఆపేశాను. కొత్త కిట్‌క్యాట్ కోసం బజారుకి వెళ్తున్నాను.

వైర్‌మన్_సత్తి
మూడూ మార్చు అన్నా, ఒకటే కాదు. పిచికారీ లాంటి నల్ల మచ్చ పట్టిన వైరు కొసలు ఓ అంగుళం కోసేసి కొత్తగా బిగించు. బిగించాక మళ్లీ మూడు చోట్లా వోల్టేజీ చూసి ఇక్కడ పెట్టు.